అమ్మవారి మలుపులో మోటారు తాగిన నూనె

ముందు శుభవార్త వినండి. మొన్న సోమవారం నన్ను హెడ్మాస్టరును చేశారు! మా వంశంలో వేలిముద్ర దాటి సంతకం దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. ఆ సంతకం పక్కన బి.ఏ. అని రాసుకుంటుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆర్డరు చేతిలో పడింది కాబట్టి ఇక భయం లేదు. మొదటి ఉద్యోగం కోసం ఈ కొండలెక్కిన రోజున, నిక్షేపంలాంటి ఒక మోటారును నేనెలా చంపబోయానో చెప్పేస్తాను.

అప్పుడు నేను ఫిజిక్సుతో బి.ఏ. కొత్తగా ప్యాసయ్యాను; ఆ రోజుల్లో ఫిజిక్సు కూడా బి.ఏ.లోనే ఉండేది. బడుల ఇన్‌స్పెక్టరు గారు అరకులో బంగళాలో దిగారనీ, ఏజెన్సీ బడికి మేష్టరు కోసం చూస్తున్నారనీ కబురొచ్చింది. సాయంత్రానికి ఆయన గుర్రమెక్కి ముంచింగిపుట్టు వైపు వెళ్లిపోతారు. ఆపైన వానలు, దారులు బంద్. పొద్దు వాలేలోగా ఆయన కంటపడితే ఉద్యోగం. లేదంటే బి.ఏ.ని నెత్తిన పెట్టుకుని మళ్లీ దుక్కిలోకే.

మా గవరయ్య మావ శృంగవరపుకోటలో బెల్లం వర్తకుడు. కాఫీతోట దొర దగ్గర కొన్న పాత మోటారు ఆయనకుండేది. దానిలో నన్ను ఎక్కించుకున్నాడు. ఆ మోటారుకి ఒకటే జబ్బు. ఇంజను నూనె ఎంత పోసినా తాగేసి, వెనకనుంచి నీలంపొగ వదిలేది.

"ఒరే బియ్యే! దీని రోగమేటో సెప్పరా. మీ అయ్య పండగ నాడు కూడా ఇంత తాగడు."

"లోపల రింగులు అరిగిపోయాయి మావా," అన్నాను గంభీరంగా. రింగుల్ని నేను పుస్తకంలో బొమ్మగా తప్ప ఎరగను. అయినా మావ నన్ను పెద్ద డాక్టరును చూసినట్టు చూశాడు.

ఘాటురోడ్డులో నిట్టనిలువు మలుపు దగ్గర అమ్మవారి రాయి ఉంది. అక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టందే ఏ బండీ కదలదు. కాయ కొట్టాక ఎలాగూ ఆగాం కదా అని ఇంజను మూత తెరిచి నూనె చూడడం మావకు అలవాటు. చక్రాల కింద రాళ్లు పెట్టాం. మోటారు ముక్కు ఆకాశంలో, తోక లోయలో. ఇంజను ముందువైపున్న కొలతపుల్ల నేనే లాగి చూశాను. పొడిగా ఉంది!

"చుక్క లేదు మావా!"

"పొయ్యరా! బేగి పొయ్యి!"

వెంట తెచ్చుకున్న నూనె డబ్బాలో సగం పోశాను. ఒక ఫర్లాంగు పోయేసరికి పొగ రెట్టింపైంది. మళ్లీ వాలులోనే ఆపి చూశాను. పుల్ల చివర తడి తగిలీ తగలనట్టుంది. మిగతా సగమూ ఒంపేశాను. పొగ ఇంకా చిక్కబడింది. డబ్బా ఖాళీ. పొద్దు కొండ మీదికి జారిపోతోంది.

అంతలో మర్నాటి సంతకు పోతున్న ఆడవాళ్లు ఎదురయ్యారు. ఒకామె చంకలో ఆనప బుర్ర.

"అందులో ఏటమ్మా?"

"వలిస నూనె బాబూ."

నా బుర్రలో దీపం వెలిగింది, మీ ఇంట్లో ఎవరికీ వెలగకూడని దీపం. "మావా, రాపిడి తగ్గాలి, అంతే. ఏ నూనైతేనేం?"

"కూరలోకేసే నూనెరా అది! తగలడిపోద్దేమో!"

"బి.ఏ. ప్యాసయ్యింది నువ్వా నేనా?"

మావ డబ్బులు తీసి ఆమె చేతిలో పెట్టాడు. నేను బుర్రెడూ పోస్తుంటే ఆమె విరగబడి నవ్వింది. "ఏటి బాబూ, మోటారుకి తలంటు పోత్తన్నావా? ముందే సెపితే కుంకుడుకాయలు కూడా తెద్దును కదా!"

తర్వాతి మలుపులో మోటారు దగ్గింది, తుమ్మింది, చచ్చింది. చచ్చి ఊరుకుందా, వెనక్కి జారడం మొదలెట్టింది. బ్రేకు మీద నిలబడ్డాడు మావ.

"దూకరా! రాయెట్టరా! అమ్మా తల్లీ, ఇంకో కాయ కొడతానే!"

దూకాను. దొరికిన రాయి చక్రం కింద తోశాను. వెనక చక్రం రోడ్డు అంచుకు బెత్తెడు ఇవతల ఆగింది. కింద లోయలో చెట్లు కొత్తిమీర కట్టల్లా కనిపించాయి. హ్యాండిలు తిప్పి తిప్పి చేతులు బొబ్బలెక్కాక మళ్లీ ప్రాణమొచ్చింది. కుంటుకుంటూ, నల్లమబ్బులా పొగ కక్కుతూ, అరకు మైదానం చేరి, సరిగ్గా బంగళా ఎదుట ఆఖరి శ్వాస వదిలింది. అక్కడ గుర్రానికి జీను కట్టేస్తున్నారు!

ఆశ చావక కొలతపుల్ల లాగాను. నూనె పుల్ల మెడ దాకా ఉంది!

అప్పుడు తట్టింది. వాలులో నూనెంతా ఇంజను వెనక్కి పోతే ముందున్న పుల్లకేం అంటుతుంది? మావ ప్రతిసారీ అమ్మవారి మలుపులోనే చూసి పోస్తున్నాడు. మోటారు తాగడం లేదు, మేమే దాని నోట్లో కుక్కుతున్నాం. ఎక్కువైంది లోపల కాలి నీలంపొగైంది. ద్రవాల మట్టం గురించి పరీక్షలో నాలుగు పేజీలు రాసిన వెధవను నేనే! బండి కింద దూరి మర విప్పగానే, ఆ నూనె సగం నా మొహాన పడింది.

"ఎవరయ్యా ఇక్కడ బజ్జీలు వేస్తున్నది?"

తల బయటపెట్టాను. గుర్రం కళ్లెం పట్టుకుని, ముక్కు ఎగబీలుస్తూ ఇన్‌స్పెక్టరు గారు! "కొండలెక్కిన దగ్గర్నుంచీ గంజే గతి. వాసనకి గుర్రం దిగొచ్చాను. ఏవీ?"

"బజ్జీలు కావండి. మోటారండి."

"నువ్వెవరు?"

"బి.ఏ. అండి. ఫిజిక్సండి. మేష్టరు పనికండి."

ఆయన నన్ను కారుతున్న జుట్టు నుంచి కాళ్ల దాకా చూశారు. "ద్రవాల గుణం ఒకటి చెప్పు."

"బండి ముక్కెత్తితే నూనె తోక్కి పోతుందండీ."

"ఏ కాలేజీలో చెప్పారది?"

"ఇప్పుడే, దీని కిందనండి."

ఆయన నవ్వి నవ్వి గుర్రం మెడ పట్టుకున్నారు. "పిల్లలకీ ఇలాగే చెప్పు. చేరిపో!"

తర్వాత పాత నూనెంతా దింపి, ప్లగ్గులు తుడిచి, చదునులో నిలబెట్టి, కింద నుంచి తెప్పించిన కొత్త నూనె పుల్ల మీది గీత దాకా పోశాం. పొగ పోయింది. మావ మాత్రం ఇప్పటికీ, "నీకు ఉజ్జోగమిచ్చింది నా మోటారేరా," అంటాడు.

అందుకే కొత్త హెడ్మాస్టరు కుర్చీ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కొబ్బరికాయ మలుపులో కొడతాను, కొలతపుల్ల మైదానంలోనే తీస్తాను. ఇంజను ఎంత ఏడ్చినా వలిస నూనె చుక్క పొయ్యను. పక్కన శనగపిండి, ఉల్లిపాయలు సిద్ధంగా ఉంటే తప్ప.