ఎల్లారెడ్డి వడ్ల కళ్లం నుంచి రన్‌వే దాకా

2013 ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఉదయం అయిదు గంటలకు ఎల్లారెడ్డిలో కామారెడ్డి బస్సు ఎక్కాను. భుజానికి లాప్‌టాప్ సంచి, చేతిలో హెల్మెట్. కండక్టర్ హెల్మెట్ చూసి, "బండి ఏడ వెట్టినవమ్మా?" అని నవ్వాడు. టికెట్ తీసుకుని ఊరుకున్నాను. అడిగిన ప్రతివాడికీ చెబుతూ కూర్చుంటే తెల్లారుతుంది.

పక్క సీటు అవ్వ మాత్రం వదల్లేదు. కళ్ల దవాఖానకు పోతోందట.

"ఏడికి బిడ్డా?"

"కార్ల పందెముంది అవ్వా."

"సూడనీకా?"

"నడపనీకి."

"మీ ఇంటాయన ఏమనలే?"

"ఇంక పెండ్లి కాలే."

"అయితే అయ్యేలోపు నడుపుకో," అని కొంగు ముడి విప్పి రెండు రేగుపండ్లు చేతిలో పెట్టింది. ఆ రోజు నాకు దొరికిన మొదటి మద్దతు అదే.

మా బాపుకు ఎల్లారెడ్డిలో ట్రాక్టర్లు, వరికోత మిషన్లు బాగుచేసే షెడ్డు ఉంది. పాలిటెక్నిక్ అయ్యాక నేనూ అందులోనే చేరాను. పందెం కారు మాత్రం కామారెడ్డి రఫీ అన్న సొంతం. షార్జాలో పందెం కార్ల గ్యారేజీలో ఎనిమిదేళ్లు పనిచేసి వచ్చిన మనిషి. ఒక పాత పెట్రోలు కారుకు టర్బో బిగించాడు. లాప్‌టాప్‌తో ఇంజన్‌కు లెక్కలు రాయడం నా పని. నడపడం కూడా నాకే ఇచ్చాడు. అదేదో ప్రేమతో కాదు. "నేను ఎనభై ఎనిమిది కిలోలు, నువ్వు నలభై ఆరు. బరువు తక్కువుంటె కారు ఉరుకుతది," అన్నాడు.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. టర్బో అంటే ఇంజన్ వదిలే పొగతో తిరుగుతూ, తిరిగి ఇంజన్‌లోకే గాలి ఊదే పంకా. కారు నిలబడి ఉన్నప్పుడు పొగ చాలదు, పంకా బద్ధకిస్తుంది. అందుకే యాంటీ-లాగ్ పెడతాం. కొంత పెట్రోలును ఆలస్యంగా, పొగ గొట్టం మొదట్లో మండేలా చేస్తే పంకా ఆగదు. ఢాం ఢాం అని పేలుతుంది కూడా. లాంచ్ కంట్రోల్ ఇంకొకటి. స్టీరింగ్ మీది బటన్ నొక్కి పట్టి ఆక్సిలరేటర్ నేలకు తొక్కినా, ఇంజన్ నిమిషానికి మనం రాసినన్ని చక్కర్లే తిరుగుతుంది, అంతకు మించదు. బటన్, క్లచ్ వదలగానే కారు దూకుతుంది. ఎన్ని చక్కర్లు రాయాలన్నదే అసలు పని.

ఆ నంబరు కోసం మా ఎల్లారెడ్డిలో మూతబడ్డ రైస్‌మిల్లు సిమెంటు కళ్లంలో రెండు నెలల సాయంత్రాలు పోశాం. పక్క మక్కచేను రైతు మొదటి రోజు కట్టె పట్టుకుని కొట్లాటకు వచ్చాడు. నాలుగో రోజు తనే వచ్చి, "గిది పేలినకాడికెళ్లి అడవి పందులు వస్తలేవు. రేపు గూడ జర పేల్చరాదుండ్రి," అని బతిమాలాడు. చివరికి నిమిషానికి అయిదు వేల రెండు వందల చక్కర్లు ఖాయం చేశాం.

ఆరు ఇరవైకి కామారెడ్డిలో దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిని, ఆరు నలభై ప్యాసింజర్ అందుకున్నాను. ఆదివారమైనా కాలు పెట్టే జాగా లేదు. దోమకొండ అతను ఒకడు, గల్ఫ్ ఇంటర్వ్యూకు పోతున్నవాడు, నా హెల్మెట్ కథ అంతా విని, "గెలిస్తె ఏమిస్తరక్కా?" అన్నాడు.

"ఒక కప్పు."

"గంతేనా?"

"గంతే."

జాలిపడి తన కిటికీ సీటు నాకిచ్చాడు.

ఎనిమిది యాభైకి మేడ్చల్‌లో దిగి షేర్ ఆటో ఎక్కాను. ముందురోజే కారును డీసీఎం వ్యాన్‌లో తెచ్చిన రఫీ అన్న గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎవరో వాడకుండా వదిలేసిన ప్రైవేటు రన్‌వే అది, పేరు రాయొద్దని నిర్వాహకులు మాట తీసుకున్నారు. పందెం నాలుగు వందల మీటర్లు. ఒక్కో కారుకు రెండు పరుగులు, మంచి టైమే లెక్క.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. చిన్నప్పుడు అమ్మతో కూలికి పోయి, ఆ మిల్లు కళ్లంలోనే వడ్లను కాళ్లతో తిరగేసినదాన్ని. నేల ఎక్కడ గరుకో, ఎక్కడ జారుతుందో నా అరికాళ్లకు తెలుసు. అక్కడ కారు తీసే ముందు ప్రతి సాయంత్రం ఉత్త కాళ్లతో నడిచి చూసేదాన్ని. ఇక్కడ అందరికీ మెరిసే బూట్లు, నల్ల కళ్లద్దాలు. బూట్లు విప్పడానికి సిగ్గేసింది. పరుగు మొదలయ్యే గీత దగ్గరికి వెళ్లి ఊరికే చూసి వచ్చాను.

పదకొండింటికి మొదటి పరుగు. పక్కన తెల్ల కారులో నల్ల టీషర్టు ఆయన. "లాంచ్ కంట్రోల్ ఉందటగా మేడమ్? బటన్ ఉంటే మా అమ్మమ్మ కూడా నడుపుతుంది," అన్నాడు.

"తోలుకరండి, నేర్పిస్త," అన్నాను.

పచ్చ లైటు పడింది. బటన్, క్లచ్ వదిలాను. టైర్లు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. పొగ తేలేసరికి తెల్ల కారు ఎక్కడో ఉంది. రెండు కార్ల దూరంతో ఓడిపోయాను. "బటన్ ఉండి కూడానా!" అని ఎవరో గట్టిగానే అన్నారు.

రఫీ అన్న తలుపు తీశాడు. "దిగు చెల్లె. రెండోది నేను నడుపుత. బటన్ బంద్ వెట్టి కాలుతోనే లేపుత."

"బరువన్నవు గదా?"

"ఇజ్జత్ పోతుంటె బరువేంది!"

ఓటమి కంటే ఆ మాటే ఎక్కువ కోసింది. "దిగ," అన్నాను. "ఓడింది నంబరు. రాసింది నేను, దిద్దేది నేనే."

గీత దగ్గరికి పోయి బూట్లు, సాక్సులు విప్పాను. ఇరవై అడుగులు మెల్లగా నడిచాను. "పూజ చేస్తున్నారా మేడమ్?" అని అరిచారు, ఫోన్లు పైకి లేచాయి. లేవనీ అనుకున్నాను. నా కోపమంతా పొద్దున సిగ్గుపడిన నా మీదే. తారు నున్నగా అరిగిపోయి ఉంది. దాని మీద గిర్నీ పిండి అంత సన్నటి దుమ్ము. మా సిమెంటు గరుకు ఇక్కడ లేనే లేదు. చక్కర్లు తగ్గిస్తేనే టైర్లు నేలను పట్టుకుంటాయి.

లాప్‌టాప్ తెరిచి నాలుగు వేల నాలుగు వందలు రాశాను. యాంటీ-లాగ్ కూడా కొంచెం తగ్గించాను. రఫీ అన్న తెర చూసి తల పట్టుకున్నాడు. "ఎనిమిది వందలు కోసినవా? కారు నిద్రపోతది!"

"నిద్రపోతె ఎల్లారెడ్డి దాక నడుసుకుంట పోత."

బూట్లు లేకుండా కారెక్కనివ్వరు, మళ్లీ తొడుక్కున్నాను. పన్నెండు నలభైకి రెండో పరుగు. ఇంజన్ ముందంత గట్టిగా పేలలేదు, జనం నవ్వారు. పచ్చ లైటు. టైర్లు ఒక్కసారి కీచుమని నేలను పట్టేశాయి. తెల్ల కారు నా పక్కన ఎక్కడా లేదు. చివర అద్దంలో కనబడింది. హెల్మెట్ లోపల నేను వేసిన కేక నా చెవులకే నొప్పి పుట్టించింది. ఆయన రెండు టైముల కంటే నాది తక్కువ.

కప్పు మాకు రాలేదు. మాకంటే వేగంగా ఇంకో ఇద్దరు పోయారు. నాకేం బాధ లేదు. సామాను సర్దుతుంటే నల్ల టీషర్టు ఆయన వచ్చి, అమ్మమ్మ ఊసెత్తకుండా, "లాంచ్ ఎంత పెట్టారండీ?" అని అడిగాడు. చెప్పాను. ఫోన్‌లో రాసుకున్నాడు.

మూడింటికి డీసీఎంలోనే బయలుదేరాం. మీలో ఎవరైనా ఆ పందేలకు పోతే తిండి మేడ్చల్‌లోనే కట్టించుకోండి, లోపల నీళ్లు కూడా దొరకవు. తూప్రాన్‌లో రఫీ అన్న ఛాయ్ తాగించి, "నేను నడిపితె ఓడుదుము," అన్నాడు. అంతవరకు బాగానే ఉంది. కామారెడ్డి బస్టాండ్‌లో నన్ను ఎల్లారెడ్డి బస్సు ఎక్కిస్తూ మళ్లీ మొదలుపెట్టాడు.

"అంతా మంచిగనే చేసినవ్ గని, రెండు నెలల కష్టం, ఆనికి నంబరెందుకు చెప్పినవ్?"

బస్సు కదిలింది. కిటికీలోంచి అరిచాను.

"నంబరే చెప్పిన అన్నా, కాళ్లు ఇయ్యలే గదా!"