రంగం అమ్మ ఇంట్లో ఒక గిన్నె

1887 డిసెంబరు 9, ధవళేశ్వరం. తెల్లవారుజామున మంచు దట్టంగా పట్టి కాలువ అవతలి గట్టు కనబడలేదు. ఎనిమిదింటికి ఎండ వచ్చింది. కాలువ నీళ్లు ఆపే లాకు తలుపుల గొలుసులకు ఆముదం పూశాను.

మొన్న కాకినాడ వెళ్లి వచ్చాం. దారి ఎలా ఉంది, ఎంత పడుతుంది, అక్కడ తిండి ఎక్కడ దొరుకుతుంది అని లాకు దగ్గర ఆగిన నలుగురైదుగురు ఇప్పటికే అడిగారు. అందరికీ నోటితో చెప్పడం నాకు చేతకాదు. రాసి పెడితే కావలసినవారు చదువుకుంటారు. నేను బడికి వెళ్లినవాణ్ణి కాను. లాకులో గుమాస్తాగా చేరకముందు పడవల మీది పేర్లు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించాలి.

వెళ్లింది నా భార్య మార్తమ్మ కోసం. సెప్టెంబరు చివర ఆమెకు చలిజ్వరం పట్టుకుంది. నెల తరవాత జ్వరం పోయింది గానీ తిండి ఎక్కలేదు. నా దగ్గర పాత వైద్యం పుస్తకం ఒకటి ఉంది. జ్వరం తగిలిన రోజునుంచీ అందులో రాసినట్టే పథ్యం పెట్టాను. పొద్దున జావ, మధ్యాహ్నం జావ, సాయంత్రం జావ. నేనే కాచి, నేనే చల్లార్చి, ఎన్ని గరిటెలు లోపలికి వెళ్లాయో రోజూ రాసి పెట్టాను. మొదట్లో పదిహేను వెళ్లేవి. నవంబరు చివరికి నాలుగు. చేతి గాజులు మోచేతి దాకా జారుతుంటే ఇక ఆగలేక, ఐదో తారీఖు పొద్దున ఆరింటికి పడవ ఎక్కాం.

ఈ వైపు రైలు ఇంకా రాలేదు, రోగిని తీసుకెళ్లడానికి పడవకు మించింది లేదు. బండి అయితే ఒళ్లు హూనమైపోతుంది. పడవలో చాప పరిచి పడుకోబెట్టవచ్చు. ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగుతారు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తుతారు. మనిషికి ఆరణాలు. కడియం తోటలు దాటేసరికి తొమ్మిదయింది. సామర్లకోట లాకులో ధాన్యం పడవలు బారులు తీరి ఉండటంతో రెండు గంటలు ఆగాం. మర్నాడు ఎనిమిదింటికి జగన్నాథపురం రేవులో దిగాం. దారిలో తాగడానికి మంచినీళ్లు కుండతో తీసుకెళ్లడం మంచిది.

ఆసుపత్రిలో దొరసాని డాక్టరు మార్తమ్మను చాలాసేపు చూసింది. నాలుక చూసింది, కనురెప్ప కిందికి లాగి చూసింది. పక్కనున్న నర్సమ్మ ఆవిడ మాట తెలుగులో చెప్పింది. "జ్వరం ఎప్పుడో పోయిందండి. ఇప్పుడున్నది నీరసమే. పది పదిహేను రోజుల్లో తిండి ఎక్కకపోతే మాత్రం ఈవిడ నిలవరండి. ఏది తింటానంటే అది పెట్టండి."

ఏది తింటావని బయటికొచ్చాక అడిగాను. "ఏదీ వద్దండీ" అంది. నేను తల ఊపాను. అప్పటికీ నా మనసులో ఉన్నది ఒక్కటే. ఇంటికి వెళ్లాక జావ కొంచెం చిక్కగా చేసి చూడాలి. చేతిలో గుడ్డ కట్టిన చెంబు, అందులో పొద్దుటి జావ.

రేవుకు తిరిగి వచ్చేసరికి పదకొండున్నర. పడవ సరంగు వెంకన్న గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"మూడింటికి గానీ తాడు ఇప్పనండి గుమాస్తాగారూ. ఈలోగా రంగం అమ్మ ఇంటికెళ్లి ఓ గిన్నె తాగి రండి."

రంగూన్‌ను ఇక్కడివారు రంగం అంటారు. రేవు నుంచి స్టీమరెక్కి అక్కడి బియ్యం మిల్లుల్లో పనికి పోయి వస్తుంటారు. అలా పోయిన ఒకాయన పెళ్లి చేసుకుని తీసుకొచ్చిన బర్మా ఆవిడ పెట్టిన పూటకూళ్ల ఇల్లట అది.

"తాగడమా, తినడమా?" అన్నాను.

"అది ఇన్నేళ్ల నుంచీ తాగుతున్న నాకే తెలవదండి. తింటున్నాననుకుంటే అయిపోయే వేళకి తాగుతుంటాను."

రేవు నుంచి ఉప్పు కొట్ల సందులో రెండు వందల అడుగులు నడిస్తే ఎడమచేతి వైపు తాటాకు పాక. బయట రెండు బల్లలు. మేము క్రైస్తవులం, చాలా పూటకూళ్ల ఇళ్లలో మమ్మల్ని లోపలికి రానివ్వరు. ఇక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. బస్తాలు మోసేవారు, ఒక బడిపంతులు, ఇద్దరు ఓడ మనుషులు ఒకే బల్ల మీద భుజాలు రాసుకుంటూ తింటున్నారు. పొయ్యి మీద పెద్ద కుండ. జడను కొప్పుగా నడినెత్తిన చుట్టుకున్న ఆవిడ, మన జంతికల గొట్టం లాంటిదే, అంతకు రెండింతలున్నదాన్ని రెండు చేతులా నొక్కుతోంది. బియ్యప్పిండి సన్నటి పోగులుగా మరుగుతున్న నీళ్లలోకి దిగుతోంది. అవి పైకి తేలగానే చిల్లుల గరిటెతో తీసి పింగాణీ గిన్నెలో వేసి, కుండలోది మునిగేదాకా పోస్తుంది.

"ఒకటా, రెండా?" అంది. తెలుగు రేవులో నేర్చినదే.

"ఒకటి. ఆమెకు పథ్యం."

"ఏం పథ్యం?"

"జావ."

"ఎన్నాళ్లనుంచి?"

"డెబ్బై మూడు రోజులు."

ఆవిడ నొక్కడం ఆపి మార్తమ్మను చూసింది, తరవాత నన్ను చూసింది. "జబ్బు ఎప్పుడో పోయి ఉంటాది. మీ జావకి బయపడి పోయుంటాది" అంది. బస్తాల మనిషి ఒకడు నవ్వాడు. నాకు చెవులు వేడెక్కాయి.

గిన్నె ముందుకు వచ్చింది. ఘుమఘుమలాడుతూ పసుపు పచ్చని పులుసు, అందులో అరటి దూట ముక్కలు, పైన వేయించిన ఉల్లిపాయ. నిమ్మగడ్డి వాసన, దాని వెనక చేప వాసన. మనం చారు తాగినట్టు గిన్నె ఎత్తి పులుసంతా తాగేశాను. అడుగున పోగులు మిగిలాయి. వాటి సంగతి తెలియక, "కొంచెం అన్నం పెట్టిస్తారా?" అన్నాను.

ఈసారి బల్లంతా నవ్వింది. "అన్నం అందులోనే ఉందండీ" అంది ఆవిడ. "పోగులుగా ఉంది. బియ్యమే కదా!" గిన్నె తీసుకుని మళ్లీ పులుసు పోసి నా ముందు పెట్టింది.

నేను చెంచా ఎత్తాను. అప్పుడు పక్కనుంచి మార్తమ్మ అంది. "ఏవండీ, అది బియ్యమేనట."

"విన్నాను."

"బియ్యం పథ్యమేగా. జావ కూడా బియ్యమేగా."

"అందులో చేప ఉంది."

"ఏదండీ? నాకు కనబడట్లేదు."

చేప నిజంగానే కనబడటం లేదు. ఉడికి ఉడికి పులుసులో కలిసిపోయింది. నేను పుస్తకంలో ఏముందో గుర్తు చేసుకుంటూ ఉన్నాను. ఆమె చెయ్యి చాపి నా చేతిలోని చెంచా తీసుకుని, నా ముందున్న గిన్నె తన వైపు లాక్కుంది. పెళ్లయిన పదకొండేళ్లలో నేను తినకముందు తను తినలేదు, నా చేతిలోది తీసుకోలేదు. పులుసు కొంచెం బల్ల మీద ఒలికింది.

అలవాటు కొద్దీ చెంచాలు లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు దగ్గర ఆపేస్తుందనుకున్నాను. ఐదు. ఆరు. పన్నెండు తరవాత లెక్క మానేశాను. ఆమె నుదుటి మీద చెమట పట్టింది. చివరికి గిన్నె రెండు చేతులా ఎత్తి అడుగుది కూడా తాగి, కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"బాగుందా?" అన్నాను.

"ఉప్పు ఉందండీ" అంది.

నా జావలో ఉప్పు ఉండేది కాదు. పుస్తకంలో వద్దని ఉంది.

"వద్దని ఒక్కమాట నాతో చెప్పకపోయావా?"

ఆమె బల్ల మీద ఒలికిన పులుసును వేలితో తుడిచింది. "మీరు చీకటితోనే లేచి పొయ్యి రాజేసి, ఊదుకుంటూ చల్లార్చి, పక్కన కూచునేవారు. వద్దనడానికి నోరు రాలేదండీ."

రంగం అమ్మ సగం గిన్నె మళ్లీ తెచ్చి పెట్టింది. తమ దేశంలో బాలింతలకు కూడా ఇదే పోస్తారని చెప్పింది. నా చేతిలోని చెంబు అందుకుని, గుడ్డ విప్పి వాసన చూసి, లోపలిది వెనక కాలవలో పారబోసి, కడిగి పులుసుతో నింపి ఇచ్చింది. "సాయంత్రానికి వెచ్చబెట్టండి" అంది. గిన్నె అణా. చెంబుకు ఎంతంటే చెయ్యి విదిల్చింది. ఆవిడకు నమస్కారం పెట్టాలని తోచింది, పెట్టాను. ఆవిడ కూడా రెండు చేతులూ జోడించి, మరొకరి గిన్నె నింపడానికి వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణం ఎదురునీరు, ఇరవై ఎనిమిది గంటలు పట్టింది. మార్తమ్మ పడుకోలేదు. పడవ తడికకు ఆనుకుని కూర్చుని గట్టు మీది కొబ్బరిచెట్లను చూస్తూ వచ్చింది. సామర్లకోటలో వెంకన్న పొయ్యి మీద పులుసు వెచ్చబెట్టుకుంది. వెంకన్న తన వంతు కూడా అడిగి తీసుకున్నాడు.

నేను చదువుకున్నది కొంచెం. ఆ కొంచెమే అంతా అన్నట్టు పట్టుకుని, మనిషిని పక్కన పెట్టి గరిటెలు లెక్కపెట్టాను. ఎవరో పరాయి దేశపు ఆవిడ నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసి నా ఇంటిని నిలబెట్టింది. ఆవిడకూ, డాక్టరుకూ, మూడింటి దాకా తాడు విప్పనన్న వెంకన్నకూ నేను రుణపడి ఉన్నాను. దేవుడికి సరేసరి. జావ లెక్క రాసిన పుస్తకంలో మిగిలిన కాగితాల మీదే ఇది రాస్తున్నాను.

వెళ్లేవారికి ఒక మాట. పన్నెండులోపు వెళ్లండి, ఒంటిగంటకు కుండ ఖాళీ. పులుసు ముందు తాగేయకండి, పోగులతో కలిపి తినండి.

ఇక రోజూ రాసే లాకు నీటి కొలత రాయాలి. లోపలినుంచి మార్తమ్మ పిలుస్తోంది. "ఏవండీ, ఆ రాత తరవాత చూసుకుందురు గానీ రండి. నాకు ఆకలేస్తోంది."

సాయంత్రం ఆరు గంటలకు లాకు ఎగువన నీటిమట్టం... తరవాత రాస్తాను.