ఇద్దరూ గెలిచిన ఇంట్లో ఆగిపోయిన ఇంజన్

1979. ఉరవకొండ బస్టాండు వెనక నాకు ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షాపు ఉండేది. ఢిల్లీలో ప్రభుత్వం కూలిపోయిన ఏడాది అది. డీజిల్ లేదు, కిరసనాయిలు లేదు, వానా లేదు. బంకు ముందు డ్రమ్ములు వరసగా పెట్టి, జనం వాటి పక్కనే పడుకునేవారు. పనితో కంటే వాళ్ళ మాటలు వినీ వినీ నాకు విసుగెత్తిపోయింది. దేశాన్ని ఎవరు పాడుచేశారో తేలేదాకా నన్ను స్పానర్ పట్టుకోనిచ్చేవారు కాదు.

ఒకరోజు పక్క పల్లె నుంచి రామక్క అనే ఆమె వచ్చింది.

"ఇంజన్ స్టార్టే కాదంటాది మేస్త్రన్నా. శెనిక్కాయకు ఊడలు బూమిలోకి దిగతాండాయి. ఈ వారం తడి లేకుంటే కాయే పట్టదు. ఒగసారి రాప్పా."

ఆమె భర్త నాగన్న, మరిది ఎర్రిస్వామి. ఇద్దరికీ కలిపి ఒకటే బావి, దానికి చెరో పక్క చేను. ఇంజన్ నాగన్నది, రెండు చేన్లకూ నీళ్ళు తోడేది అదే. రెండేళ్ళ కిందట ఎమర్జెన్సీ తర్వాత వచ్చిన ఎన్నికలు, అది మంచిదా చెడ్డదా తేల్చడానికే పెట్టినట్టు జరిగాయి. చెడ్డదని అన్న, మంచిదని తమ్ముడు బూతు దగ్గర చెరో బల్ల వేసుకుని కూర్చున్నారు. ఢిల్లీలో అన్న పార్టీ గెలిచింది, మన రాష్ట్రంలో తమ్ముడి పార్టీ గెలిచింది. ఓడినవాడే లేకపోతే తగ్గేది ఎవరు? అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

వాళ్ళ బావి దగ్గరికి వెళ్ళి ఇంజన్ విప్పి చూశాను. నాజిల్, అంటే డీజిల్‌ని సన్నని జల్లుగా లోపలికి చిమ్మే ముక్క, మసిపట్టి మూసుకుపోయింది. నాగన్న కిరసనాయిల్లో ఏదో పాత నూనె కలిపి పోశాడు. శుభ్రం చేసి బిగించాను.

"ఇంక మంచి డీజిలే పొయ్యల్ల" అన్నాను.

"యాడుండాది డీజిలు?" అన్నాడు నాగన్న.

"మీ తమ్మునికాడ క్యాను నిండా ఉండాదంట కదన్నా."

"వాని పార్టీ చీటీతో వచ్చిన డీజిలు నా ఇంజన్లో పోస్తే నేను మనిషినే కాదు!"

బావికి అవతల గట్టు మీద ఎర్రిస్వామి కూర్చుని ఉన్నాడు. అన్నీ వింటూనే, నాతో అన్నాడు. "మేస్త్రీ, ఢిల్లీ నుంచి తెప్పించుకోమను! కావల్లంటే నోరు తెరిచి అడగమను!"

నాకు ఒళ్ళు మండింది. "ఎండిపోయే చెట్టు యా పార్టీదప్పా?" అని అరిచాను. ఇద్దరూ చెరో పక్కకు మొహం తిప్పుకున్నారు. ఛీ, నాకెందుకీ గోల అనుకుని సామాను సర్దుకోసాగాను.

అంతలో ఎర్రిస్వామి భార్య సుంకమ్మ క్యాను మోసుకొచ్చింది.

"యాడికి తీసకపోతాండావే?" అని ఎర్రిస్వామి కేకేశాడు.

"మన చేను గూడా ఎండతాంది కదా" అంటూ ఆమె నడక ఆపకుండా వచ్చి టాంకులో పోసింది.

నాగన్న విసురుగా లేచాడు. రామక్క అడ్డం నిలబడింది. "కూసో. నా కమ్మలు అమ్మితేనే కదా ఈ ఇంజన్ వచ్చింది. నీ దాంట్లో పొయ్యలే, నా దాంట్లో పోసుకున్యాం."

పంపులో నీళ్ళు నింపి ప్రైమింగ్ చేశాను. గాలి పోయి నీళ్ళు అందుకోవడానికి అది తప్పదు. నేను హ్యాండిల్ పట్టుకోబోతే రామక్క లాక్కుంది. డీకంప్రెషన్ లివర్ ఎత్తితే హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది, వేగం అందుకోగానే లివర్ దించాలి. ఆ లివర్ దగ్గర సుంకమ్మ నిలబడింది.

"హ్యాండిల్ ఎదురు తన్నితే చెయ్యి ఇరుగుతాదమ్మా!" అన్నాను.

"ఇరగనీలే" అంది రామక్క.

మొదట పొగ ఒక్కటే వచ్చింది. మళ్ళీ తిప్పింది. ఇంజన్ దడదడమంటూ అందుకుంది, కాలవలో నీళ్ళు పడ్డాయి. మొగుళ్ళిద్దరూ చెరో గట్టు మీద కూర్చుని నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయారు.

ఆ ఏడు పంట సగమే వచ్చింది. మళ్ళీ ఎన్నికలొస్తే అన్నదమ్ములు మళ్ళీ చెరో బల్ల వేసుకున్నారట. విని నవ్వడానికి కూడా ఓపిక లేకపోయింది నాకు.

కానీ ఆ రోజు కాలవలో చేతులు కడుక్కుంటూ, ఉండబట్టలేక ఆ తోడికోడళ్ళను అడిగాను. "మీరిద్దరూ అప్పుడు ఎవురికేసినారమ్మా ఓటు?"

సుంకమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇద్దరం ఒగే గుర్తుకు గుద్దినాం. బూతుకు పోయే దావలోనే మాట్లాడుకున్యాం."

"యా గుర్తుకు?"

"అది జెప్తే నువ్వు గూడా ఒగ గట్టు మీద కూసుంటావు, పో అన్నా" అంది రామక్క.

ఆ తర్వాత షాపుకు ఆడమనిషి వచ్చి ఇంజన్ సంగతి చెబుతుంటే, ఇంట్లో మగవాళ్ళు లేరా అని అడగడం మానేశాను.