శుక్లం ముదరాలని ఆగిన నూట పదకొండు రోజులు

2023 నవంబరు 14, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. అమలాపురానికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా తోటలో కొబ్బరి దింపు అయింది గానీ లెక్క తేలలేదు.

మా ఇంట్లో లెక్క తేలకపోవడం వింత. ఇరవై రెండేళ్లుగా దింపు తీసేది ఒకే మనిషి, కాయలు ఎంచేది నేను. అతను చేతికొకటి చొప్పున రెండు కాయలు తీసి నా ముందున్న రాశిలోకి విసురుతాడు. నేను ఎదురుగా పీట మీద కూర్చుని ఎంచుతాను. వంద కాగానే ఒక కాయ పక్కన పెడతాను. ఎవరి లెక్క వాళ్లు వేసుకుని చివర్లో చెప్పుకుంటాం. ఆ రోజు నాకు మూడు వందల తొంభై ఏడు వచ్చింది.

"నాలుగొందల పన్నెండండి," అన్నాడు అతను.

"మళ్లీ చూసుకో."

"ఆయ్, చూసేనండి. ఎవరైనా కాయలు ఎక్కువున్నాయని దెబ్బలాడతారండి. తక్కువున్నాయని దెబ్బలాడింది మీరొక్కరేనండి అమ్మగారూ!"

మళ్లీ ఎంచాం. నాలుగు వందల పన్నెండే.

నాకు డెబ్బై ఒకటి నిండాయి. కుడికన్ను కొంతకాలంగా మసకేసింది. ఎదురొచ్చే మోటారు సైకిలు దీపం చుట్టూ వలయం కనిపించేది. అది శుక్లమని ఎవరూ చెప్పకుండానే తెలుసు. గోడ అవతలి ఇంట్లో మా తోడికోడలు ఉంటుంది. తనకు రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది కనుక మా వీధికి కళ్ల డాక్టరు తనే.

"తొందరపడకక్కా," అంది. "శుక్లం ముదరాలి. లేతగా ఉండగా కోస్తే సరిగా ఊడి రాదు. పిందె మీద కత్తి పెడతామా చెప్పు?"

కోనసీమలో పుట్టినదాన్ని, ఈ మాట నేను కాదనలేకపోయాను. ముదరని కాయను దింపితే కొబ్బరి పలచగా ఉంటుంది. కన్ను కూడా అంతే అనుకుని, డైరీలో తేదీ రాసుకుని కూర్చున్నాను.

2024 జనవరి 2 దింపులో నా లెక్కకు పదహారు తగ్గాయి. ఫిబ్రవరి 20న ఇరవై రెండు. ఈసారి అతను కత్తి కింద పెట్టి నా ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మగారూ, నా కుడిచేతి కాయ మీకు ఎడంపక్క పడతాదండి. మీకు తప్పేవన్నీ ఆ పక్కవేనండి. ఇందాక ఎడంపక్క నుంచుని దణ్ణం పెట్టేను, చూడనే లేదు. కోపమొచ్చిందేమో అనుకున్నానండి."

"శుక్లంలే. ముదరనీ."

"కాయ ముదిరితే నూనొస్తాదండి. కన్ను ముదిరితే ఏమొస్తాదండి? చెట్టెక్కేవోణ్ణి, నేనే ఏడాదికోసారి చూపించుకుంటాను. పీట మీద కూర్చునే మీకు భయమేంటండీ?"

భయమన్న మాట గుచ్చుకుంది. అంతకన్నా ఎక్కువగా గుచ్చుకున్నది లెక్క. శుక్లం కుడికంట్లో ఉంటే తప్పులు ఎడంపక్కన ఎందుకు వస్తున్నాయి? ఆ ప్రశ్న నేను ముందే వేసుకోవాల్సింది. కుడికన్ను మూసుకుని మా వీధి గుమ్మం వైపు చూశాను. తలుపు కుడి రెక్క ఉంది. ఎడమ రెక్క లేదు. నల్లగానూ లేదు, మసకగానూ లేదు, అసలు లేదు.

2024 మార్చి 4, సోమవారం అమలాపురంలో కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. మా మనవరాలి వయసు పిల్ల. మందు చుక్కలు వేసి కళ్ల లోపల చూసింది, కంట్లో ఒత్తిడి కొలిచింది. తర్వాత ఒక గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించి, చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమంది. మొత్తం ఎన్ని చుక్కలని రెండుసార్లు అడిగాను. చెప్పలేదు.

"మామ్మగారూ, మీకున్నవి రెండు జబ్బులండి," అంది కాగితం చూపిస్తూ. "కుడికంట్లో శుక్లం. కంటి లోపలి అద్దం మసకబారింది. అది తీసేసి కొత్తది పెడతాం. ముదిరేదాకా ఆగడం పాతకాలం మాటండి. చూపు పనికి అడ్డొస్తే తీయించుకోవచ్చు, మరీ ముదిరితే మాకే కష్టం. ఎడమ కంట్లో నీటికాసులు, అంటే గ్లాకోమా. లోపలి ఒత్తిడికి నరం దెబ్బతింటుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చాలామందికి తెలిసేసరికి చూపు కొంత పోయి ఉంటుంది."

"దానికీ ఆపరేషన్ చేసేయండి."

"ఏం చేసినా పోయిన చూపు రాదండి. ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కల మందు. రోజూ వేసుకోవాలి. తగ్గిందని మానకూడదు."

"నేను నవంబరు 14నే వచ్చి ఉంటే ఎంత మిగిలేది?"

"ఇది నవంబరులో మొదలైంది కాదండి, అంతకు ముందు నుంచే ఉంది. అప్పుడు పరీక్ష చేసి ఉంటే చెప్పేదాన్ని."

మార్చి 21న కుడికంటికి ఆపరేషన్ అయింది. సాయంత్రానికి ఇంట్లో ఉన్నాను. చుక్కలు మొదటి వారం రోజుకు నాలుగుసార్లు, తర్వాత మూడు, రెండు, ఒకటి. నాలుగు వారాలకు డెబ్బై సార్లు. ఒక్కటీ తప్పలేదు. చూపు తేటపడ్డాక తోడికోడల్ని చూసి, "నీ మొహాన ఇన్ని ముడతలున్నాయా?" అన్నాను.

"అందుకేగా ముదరనివ్వమన్నాను!" అంది.

ఎడమకంటికి రోజూ రాత్రి ఎనిమిదింటికి ఒక్క చుక్క. కింది రెప్ప లాగి వేసుకుని, కన్ను మూసి, ముక్కు పక్క మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచాలి. రక్తసంబంధీకులకు వచ్చే అవకాశం ఎక్కువని డాక్టరు చెబితే, రాజోలులో ఉన్న తమ్ముణ్ణి వెంటపడి పరీక్షకు పంపాను. అతనికి లేదు.

సెప్టెంబరు 9న మళ్లీ బటన్ నొక్కే పరీక్ష చేశారు. మార్చి కాగితం, ఈ కాగితం పక్కపక్కన పెట్టి చూశాం. తేడా లేదు.

పోయినవి ఇవి. కుడికంట్లో ఏమీ పోలేదు. ఎడమకంట్లో ఎడమ వైపు సగం. రోజులు నూట పదకొండు, లీపు సంవత్సరం కనుక ఫిబ్రవరి ఇరవై తొమ్మిదితో కలిపి. ఆ రోజుల్లో చూపు ఎంత పోయిందో తీసివేత వేయడానికి నవంబరు కాగితం లేదు. డైరీలో ఆ గడి ఖాళీగా ఉంచాను.