ముదీర్ గారి డిలీటెడ్ ఫోల్డర్

మూడేళ్ల క్రితం దుబాయ్ దగ్గరున్న రాస్ అల్ ఖైమాలో ఒక క్వారీ ఆఫీసులో పనిచేసేదాన్ని. మా ముదీర్, అంటే మేనేజరు, నెల్లూరాయన. ఆయన మెయిల్స్ అన్నీ పాత ప్రోగ్రామ్ నుంచి కొత్తదానిలోకి మార్చే పని నా నెత్తిన పడింది. ఫైళ్లు కొత్తదానికి సరిపడేలా మారేవి కావు. సగంలో ఆగిపోయి, పని మళ్లీ మొదటికి వచ్చేది. విసిగిపోయి, బరువు తగ్గితేనైనా కదులుతుందని డిలీటెడ్ ఫోల్డర్ ఖాళీ చేశాను. వెంటనే అంతా చక్కగా వచ్చేసింది.

మర్నాడు ఒక క్లయింటు వచ్చి, రాయి బాగాలేదు, లోడ్లన్నీ వెనక్కి పంపుతానని కూర్చున్నాడు. ముదీర్ నన్ను కేకేశారు.

"ఏందమ్మా, రాయి బాగుందని ఈయనే రాసిన మెయిల్ యాడికి పోయింది?"

"ఏ ఫోల్డర్‌లో పెట్టారు సార్?"

"డిలీటెడ్‌లో! పని ఖలాస్ అయినవన్నీ అందులోనే కదా ఏసేది!"

పరుగెత్తుకెళ్లి నా పెన్‌డ్రైవ్ తెచ్చి, ఆ మెయిల్ తెరిచాను. మొదలుపెట్టే ముందే పాత ఫైళ్లు అందులోకి కాపీ చేసుకోబట్టి బతికిపోయాను. మెయిల్ చూసి క్లయింటు నోరు మూసుకుని వెళ్లిపోయాడు.

"ఖలాస్" అంటూ ముదీర్ నా కళ్ల ముందే ఆ మెయిల్‌ని డిలీట్ చేశారు.

ఇప్పటికీ ఇంట్లో చెత్తబుట్ట ఖాళీ చేయాలన్నా, "ఇందులో ఏమైనా దాచుకున్నారా?" అని మా ఆయన్ని అడిగే ముట్టుకుంటాను.