బస్సుకు పట్టిన సర్దీ

1944 డిసెంబరు 19, మంగళవారం, ఉదయం ఆరూ నలభైకి మా నాయనమ్మ దూది రజాయి అంటుకుంది. ఆ రోజుల్లో మా గల్లీలో గోడ గడియారం ఉన్న ఇల్లు మాదొక్కటే కాబట్టి ఈ సమయం గురించి నాతో ఎవరూ తగవు పడలేరు. ఆ రోజుల్లో ఆడపిల్ల చదువు ఆమె తెలివి మీద నడిచేది కాదు, బండి మీద నడిచేది. పాతబస్తీలో పద్నాలుగేళ్ల పిల్ల కాలినడకన బడికి పోవడమన్న మాటే మా ఇంట్లో లేదు. పరదాలు కట్టిన బస్సు గుమ్మం ముందుకు వస్తే చదువు, రాకపోతే వంటిల్లు.

యుద్ధం వల్ల పెట్రోలు రేషనులో దొరికేది. అందుకని మా బడివాళ్లు ఎక్కడినుంచో ఒక పాత డీజిలు బస్సు కొన్నారు. దాన్ని నడిపే మామూ (బడిపిల్లలందరం అలాగే పిలిచేవాళ్లం, ఆయనకు ముప్పై ఎనిమిది మంది మేనకోడళ్లం) మా ఎదురింట్లోనే ఉండేవాడు కాబట్టి రాత్రిళ్లు బస్సు మా గల్లీలోనే ఆగేది. మామూ అంతవరకూ పెట్రోలు కార్లు నడిపినవాడు. డీజిలు ఇంజను మనసు ఆయనకు తెలియదు, తెలియదని ఒప్పుకోడు. డిసెంబరు రాగానే అది పొద్దున్నే మొరాయించడం మొదలుపెట్టింది. మీట నొక్కితే "గుర్ గుర్ గుర్" అని మూలుగుతుందే తప్ప అందుకోదు. పదిహేను సార్లకు బ్యాటరీ కూడా చేతులెత్తేసేది.

"ఇంజన్‌కు సర్దీ అయింది బేటీ. మనిషికైతే జోషాందా కాచి తాగిస్తం. దీనికేం తాగియ్యాలె?" అనేవాడు మామూ.

మా బాపుకు గాజుల దుకాణం. తొమ్మిదింటికి దుకాణం తెరిచే మనిషికి ఇంజను జబ్బుల మీద జాలి ఉండదు. "మూడు దినాలు చూస్త. మూడు దినాలు గాడి పోకుంటే బడి బంద్. దుకాణం ఇడిశిపెట్టి నీ ఎంబడి తిరుగుమంటవా ఏంది?" అన్నాడు. లోపలినుంచి నాయనమ్మ, "మూడెందుకురా, ఒకటి సాలదా?" అంది. పద్నాలుగున గురువారం బస్సు కదల్లేదు. పదహారున శనివారం కదల్లేదు. (పదిహేను శుక్రవారం, బడికి సెలవు. నాయనమ్మ దాన్ని కూడా లెక్కలో వేయబోతే నేను ఒప్పుకోలేదు.) పదిహేడునా పద్దెనిమిదినా మూలుగుతూనే ఎలాగో కదిలింది. ఇక మిగిలింది ఒక్క రోజు.

ఏడో తారీఖు నుంచి నేను బస్సు కోసం ఒక నోటుబుక్కు పెట్టాను. తెల్లారకముందే లేచి, గుమ్మానికీ వంటింటికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ, మామూ మీట ఎన్నిసార్లు నొక్కాడో, ఎన్ని నిమిషాలు పట్టిందో, బస్సు ఎక్కడ ఎలా ఆగి ఉందో రాసేదాన్ని. చలిని కొలిచే సాధనం మా ఇంట్లో లేదు. కొబ్బరినూనె సీసా ఉంది. నూనె ఎంతవరకు గడ్డకట్టిందో చూసి పావు చలి, అర చలి, నిండు చలి అని వేసేదాన్ని. ఇంత శాస్త్రం తెలిసినదాన్ని, చివరికి అందరిలాగే మామూ మాట నమ్మాను. సర్దీ అయితే కప్పాలి కదా! పద్దెనిమిది సాయంత్రం, నాయనమ్మ పక్కింటికి పోయిన సమయం చూసి, ఆమె కొత్త రజాయి తీసుకుపోయి, మూత ఎత్తి లోపల ఇంజను మీద కప్పి వచ్చాను. ఆ రాత్రి ఆమె రెండు పాత దుప్పట్లు కప్పుకొని నన్ను అనుమానంగా చూసింది.

తెల్లవారి మామూ తన వంతు వైద్యంగా నిప్పుల కుంపటి తెచ్చి ఇంజను కింద పెట్టాడు. రజాయి అంచు కిందికి వేలాడుతోందని ఆయన చూడలేదు. కుంపటి తెస్తాడని నాకు తెలియదు. ఇక చెప్పేదేముంది, గల్లీ గల్లీ అంతా బకెట్లతో లేచింది.

"అరె, ఎవరిదీ రజాయి?" అని మామూ కాలుతున్నదాన్ని బయటికి గుంజాడు.

"నాది! నా రజాయి నీ గాడి మీదికెట్ల ఎక్కిందిరా?" అని నాయనమ్మ గుమ్మంలోంచే అరిచింది.

"నడిచొచ్చినట్టుంది అమ్మా, దానికిగూడ సలి వెట్టిందేమో!" అన్నాడు ఆ మహానుభావుడు, నావైపు చూడకుండా. మాటవరసకైనా నా పేరు చెప్పలేదు. కానీ బస్సు కదల్లేదు. బాపు మూడు వేళ్లు చూపించి లోపలికి పోయాడు.

ఆ రోజంతా నేను అన్నం ముట్టలేదు, ఒక చోట కూర్చోలేదు. సాయంత్రం దాకా నోటుబుక్కులోని పదకొండు వరుసలూ మళ్లీ మళ్లీ చదివాను. అప్పుడు కనిపించింది. పదకొండో తారీఖు, సోమవారం: నిండు చలి, సీసాలో నూనె రాయిలా ఉంది, అయినా బస్సు ఒక్క నొక్కుకే లేచింది. ఆ ముందురోజు మామూ పక్కింట్లో పెళ్లి. షామియానా అడ్డమొచ్చి బస్సును తిప్పి పెట్టారు. మిగతా పది రోజులూ దాని మొగం దక్షిణానికి, ఆ ఒక్కరోజు ఉత్తరానికి.

దుకాణం నుంచి వచ్చిన బాపు ముందు నోటుబుక్కు తెరిచాను. "సలి కాదు బాపూ. మొగం. ఒక్క దినం తిప్పి పెట్టి చూద్దాం." బాపు వరుసలన్నీ వేలు పెట్టి చదివాడు. లెక్క ఉన్నచోట ఆయన కాదనలేడు. "ఒక్కటే దినం," అన్నాడు.

విచిత్రంగా నాయనమ్మ నా పక్షాన చేరింది. "మరి దక్షిణం మొగాన పెడితె యముడు సూడడా? ముందే నన్నడిగితె నా రజాయన్న దక్కేది!"

ఇరవై తారీఖు, బుధవారం, ఆరూ యాభై. నూనె నిండుగా గడ్డకట్టి ఉంది. గల్లీలో పదహారు మంది నిలబడ్డారు. నా గుండె ఇంజను కంటే ముందే మొదలైంది. మామూ బిస్మిల్లా అని మీట నొక్కాడు. మొదటి నొక్కుకు దగ్గు. రెండో నొక్కుకు గల్లీ నిండా నల్లని పొగ, చెవులు పగిలే మోత, పరదాలు ఊగుతున్నాయి. "మస్తు! మస్తు!" అని మామూ స్టీరింగు మీద చరిచాడు. బాపు నా పుస్తకాల సంచి తెచ్చి అందించాడు. నోటుబుక్కులో 'కారణం' అన్నచోట నేను 'యమదిక్కు' అని రాసి, కింద రెండు గీతలు గీశాను.

జనవరి చివర ఒక మిస్త్రీ వచ్చి నా గర్వం దించాడు. యమదిక్కు సంగతంతా విని, బస్సు కింద దూరి, నేల మీది డీజిలు నూనె మరక చూసి, పైకి లేచి నవ్వాడు. "యముడు గాదు, గిమ్ముడు గాదు. పైపు జాయింటు లూజుంది. ముక్కు మీదికుంటె గాలి గుంజుకొని నూనె రాత్రంత ఎన్కకు టాంకిలకు పోతది. ముక్కు కిందికుంటె నూనె ఈడనే ఉంటది, సుక్క సుక్క కారుతది గంతె. సలి ఇంకింత సతాయిస్తది గని అసలు రోగం ఇది. మీ గల్లీ వాలు సూడలేదా?"

చూడలేదు. రోజూ మా వాకిట్లో కడిగిన నీళ్లు ఉత్తరానికే పారేవి. నేను వాటిని దాటే బస్సెక్కేదాన్ని. నోటుబుక్కులో ఆ వాలుకు గడి లేదు.

తర్వాత నేను లెక్కల పంతులమ్మనయ్యాను, ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. జవాబు సరిగ్గా తెచ్చి కారణం తప్పు రాసిన పిల్లలకు ఎప్పుడూ సగం మార్కులు వేసేదాన్ని. పరీక్షల్లో ఇంత కఠినంగా ఉండే నేను అక్కడ ఎందుకు మెత్తబడతానో తోటివాళ్లకు అర్థమయ్యేది కాదు. నేనూ చెప్పలేదు.

ఆ డిసెంబరులో పోయినవి: కొత్త రజాయి ఒకటి. మామూ ఎడమ కనుబొమ్మ (ఫిబ్రవరికి తిరిగొచ్చింది). కుంపటి ఒకటి, బకెట్ల కింద పడి పగిలింది. నా హాజరు, మూడు రోజులు. చదువు పోలేదు.