నేనే కట్టుకున్నానండీ ఈ పాట

ఆమె పేరు నాకు ఇప్పటికీ తెలియదు. అయినా తలుచుకున్నప్పుడల్లా మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను.

నూజివీడులో ఒక సినిమా గాయకుడి కచేరీకి అమ్మను తీసుకెళ్లాను. ఆయన రాక ఆలస్యమైతే, గిటారు పట్టుకున్న ఒక అమ్మాయిని వేదిక ఎక్కించారు. ప్రతి పాటకూ ముందు ఆమె తప్పు చేసినదానిలా నవ్వి, "నేనే కట్టుకున్నానండీ ఈ పాట" అనేది. జనం ఫోన్లు చూసుకుంటున్నారు.

గాలివానకు రాలిన మామిడికాయలు ఏరుతూ, పోయిన భర్తను తలుచుకునే ఒకావిడ మీద పాట పాడిందామె. ఆగిరిపల్లి మామిడితోటల్లో పనిచేసిన మా నాన్న పోయిన దగ్గర్నుంచి అమ్మ ఆయన మాటే ఎత్తలేదు, ఏడవనూ లేదు. పాట అయ్యేసరికి లేచి నిలబడి, "ఇంకోసారి పాడమ్మా!" అని గట్టిగా అడిగింది.

ఇంతలో గాయకుడు వచ్చేశాడు. ఆ అమ్మాయి వేదిక దిగి, తిన్నగా మా దగ్గరికి వచ్చి, అమ్మ పక్కన కూర్చుని మాకు మాత్రమే వినబడేలా ఆ పాట మళ్లీ పాడింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

తిరిగొస్తుంటే బండి మీద వెనక నుంచి అమ్మ అంది: "మీ నాన్నకి పుల్లమామిడి అసలు పడేది కాదురా. నేను కోసిపెడితే మాత్రం మొహం చిట్లించుకుంటూ తినేసేవారు."

ఇంకా చెబుతూనే ఉంది. నేను బండిని చుట్టుదారిన పోనిచ్చాను.